గద్దను నడిపిన డ్రైవరు

ఆ ఆదివారం ఆయన గద్దను నడిపాడు. వేళాకోళానికి అంటున్న మాట కాదు. మెడలో రిమోటు పట్టీ, రెండు బొటనవేళ్ళూ రెండు స్టిక్కుల మీద, తల పైకెత్తి, నీళ్ళ ట్యాంకు పైన గిరికీలు కొడుతున్న ఒక గద్దను చూస్తూ దాన్నే ఎడమకీ కుడికీ తిప్పుతున్నాననుకుంటూ నిలబడ్డాడు. ఆయన ఎగరేసిన బొమ్మ విమానం అప్పటికే వెనకాల మందులషాపాయన కారు అద్దంలో ముక్కు దూర్చి పడివుంది.

పక్కనే మడతకుర్చీలో కూచున్న భార్య ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది. కారు వంక చూసింది, మొగుడి వంక చూసింది, ఆయన చూస్తున్న వైపు చూసింది. గద్ద కనబడింది. ఆయన వేళ్ళు ఇంకా కదులుతున్నాయి. "ఏవండీ" అనబోయేంతలో ఆయనే అందుకున్నాడు.

"ఇదిగో, తిప్పేశా. ఇంక దింపుతున్నా," అన్నాడాయన, కళ్ళు ఆకాశం మీంచి తియ్యకుండా. "ఏదో పడ్డట్టుంది, ఎవరిదో చూడు. పాపం, ఎవరి కొంప మునిగిందో!"

గద్ద కూడా సరిగ్గా అప్పుడే తిరిగింది, దాని పాడుగాను. ఆయన తృప్తిగా తలూపాడు.

ఇంతకీ ఆయనెవరో చెప్పనే లేదు. సిటీబస్సు డ్రైవరు. ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి ఒకటే రూటు, జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ. మాట పొదుపు, కోపం తక్కువ, పంతం మాత్రం బండెడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఊరి చివర మైదానం పక్కన బస్సు చెడిపోయింది. మెకానిక్కు వచ్చేదాకా ఏమీ తోచక గోడ మీంచి అవతలికి తొంగిచూశాడు. అక్కడ మీసాలొచ్చిన మగాళ్ళు బొమ్మ విమానాలు ఎగరేస్తూ కేరింతలు కొడుతున్నారు. మెకానిక్కు వచ్చాడు, బస్సు బాగయింది. ఈయనే మళ్ళీ బాగవలేదు.

అప్పట్నుంచీ ఇల్లు ఇల్లు కాదు, షెడ్డు. వంటగది గట్టు మీద విమానాలు కట్టే తేలికపాటి బాల్సా చెక్క పొడి, మంచం కింద రెక్కలు, బట్టల తీగ మీద తోకముక్క. భార్యకి కింద వాటాలో ఇస్త్రీ షాపు ఉంది. బట్టలు ఇవ్వడానికొచ్చే ఆడవాళ్ళు "ఏమమ్మా, మీ ఆయనకి రెక్కలొచ్చాయటగా!" అని ఆటపట్టిస్తే మొదట్లో తెగ ఉడుక్కునేది. ఒకరోజు ఆయన రెక్క మీద వేడికి అతుక్కునే రంగు ఫిల్ము అంటించడానికి ఆమె ఇస్త్రీపెట్టె ఎత్తుకుపోయి, వేడి ఎంత పెట్టాలో తెలియక, ఫిల్మంతా ముడతలు ముడతలు చేసి కూచున్నాడు. ఆమె చూసి ఆగలేకపోయింది. "లేవండి అవతలికి, మీ మొహానికి ఇస్త్రీ కూడానా!" అని పెట్టె లాక్కుంది. అంచుల్లో ముందు అంటించి, మధ్యలో గుడ్డ అడ్డంపెట్టి మెల్లగా లాగింది. రెక్క అద్దంలా వచ్చింది. అంతే, ఆ నెల తిరక్కుండానే మైదానంలో ప్రతివాడూ తన రెక్క పట్టుకుని షాపు ముందు నిలబడటం మొదలెట్టాడు. అలా ఆమె అందరికీ ఇస్త్రీ వదిన అయిపోయింది.

రెక్కలు తనవయ్యాక ఆదివారాలు ఇంట్లో ఏం కూచుంటుంది? ఆయనతోపాటు స్కూటరెక్కి వచ్చి, పక్కన కుర్చీ వేసుకుని, కబుర్లు చెబుతూ ఉండేది. విమానం మన వైపు వస్తున్నప్పుడు దాని ఎడమ మనకి కుడి అవుతుంది. అక్కడే కొత్తవాళ్ళంతా విమానాల్ని నేలకేసి కొడతారు. అందుకని ఆయన ఆమెకి మొదట్లోనే నేర్పాడు, ఎప్పుడు చెప్పినా విమానంలో కూచున్నట్టు చెప్పాలని. ఆమె నోరు ఊరుకునే నోరా! "ఎడమ రెక్క దిగింది చూడండి. ఆఁ, లేచింది. ట్యాంకు దాటేశారు, మరీ దూరం పోతోంది. మన షాపుకి చొక్కాలు తెచ్చే ఆయన ఇవాళ కూడా కాలరు చింపుకొచ్చాడండీ. అదిగో ముక్కు పైకి లేచింది." ఇలా చొక్కా కబురూ రెక్క కబురూ కలిపి వాయించేస్తుంటే, ఈయన ఊఁ కొడుతూ ఎగరేసేవాడు. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉండేది.

ఆ ఆదివారం మాత్రం ఆమె నోరు విప్పలేదు. కారణం కూడా రెక్కే. ఏడాది నుంచీ ఆయనకి రంగుల పిచ్చి పట్టింది. నీలం తీసి పసుపు వెయ్యమన్నాడు, వేసింది. పసుపు తీసి ఎరుపు అన్నాడు, వేసింది. చిన్న విమానాలన్నీ ఎవరెవరికో ఇచ్చేసి చాటంత రెక్కలవి కట్టుకున్నాడు. ముందురోజు సాయంత్రం షాపు కట్టేసి, నడుం విరిగిపోయి పైకొస్తే, "ఎరుపు తీసేసి కళ్ళు చెదిరే నారింజ వేసిపెట్టు, కింద నల్ల చారలు కూడా కావాలి," అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఈ వయసులో మీకు సింగారాలేమిటి? నేను వెయ్యను పొండి," అంది. పొద్దున కూడా మూతి ముడుచుకునే వచ్చి, కుర్చీలో మౌనంగా కూచుంది.

ఆ మౌనంలో విమానం తిన్నగా పోయి కారు అద్దంలో దూరింది.

"సిగ్నలు పోయిందయ్యా," అన్నాడాయన అందరితోనూ, జరిగింది తెలిశాక. సిగ్నలు పోవడం మామూలే కాబట్టి అందరూ నమ్మారు. మందులషాపాయన కూడా అక్కడ విమానాలు ఎగరేసేవాడే, ఈయన్ని అన్నయ్యా అనే మనిషి, కారు వంక చూసుకుని "పోనీలే, అద్దం పోతే పోయింది. ఇందాకటిదాకా ఆ సీట్లోనే కూచున్నా, లేచి రావడం నయమైంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె ఒక్కతే నవ్వలేదు. గద్దను చూసింది ఆమె ఒక్కతే మరి.

తిరుగుదారిలో స్కూటరు వెనక కూచుంది. కూచున్నాక గానీ తెలియలేదు ఎంత పిచ్చిపని చేసిందో. రోడ్డు మీద ఎదురుగా లారీ ఆగివుంది. ఆయన వేగం తగ్గించడం లేదు. "లారీ ఆగివుందండీ!" అని అరిచింది. అప్పుడు బ్రేకు వేశాడు, ఏమీ జరగనట్టు. వీధి మలుపులో ఎవరో సైకిలు దిగి నడుస్తున్నాడు. చెప్పింది. పక్కకి తిప్పాడు. ఆమెకి ఒక్కసారిగా తట్టింది. ఇన్నాళ్ళూ స్కూటరు మీద కూడా తను వాగుతూనే ఉంది కదా, వాగుడుకాయ అని ఆయన వెక్కిరిస్తూనే ఉన్నాడు కదా!

ఇంట్లోకి రాగానే తలుపు వేసి ఆయన ముందు నిలబడింది.

"నా మొహం కనబడుతోందా మీకు?"

"నీ మొహం ఇవాళ కొత్తగా చూడాలా?"

"అడిగినదానికి చెప్పండి."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "చుట్టూ కనబడుతుంది. జుట్టు, చెవులు, భుజాలు, అన్నీ. నడిమధ్యలోనే మసక. ఎటు చూస్తే అటు మసక."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఎలా ఉందని అడిగావే, అప్పటికే ఉంది."

"బాగుందన్నారు కదండీ!"

"బాగుండదా మరి?"

ఆమెకి ఏడవాలో కొట్టాలో అర్థం కాలేదు. తన మొహం అన్ని నెలలుగా ఆ మనిషికి ఒక మసక అన్నమాట. ఇంకా ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది తగిలింది.

"బస్సు?" అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టు లేదు. "మరి బస్సు ఎలా నడుపుతున్నారండీ?"

"ఆ రోడ్డు నాకు నోటికి వచ్చు. గుంటలతో సహా వచ్చు. విమానం అంటే చిన్నది, ఎక్కడో పైన ఉంటుంది. బస్సుకేం? ఇంత లావు అద్దం, ఇంత పెద్ద రోడ్డు. ఇంకో రెండేళ్ళు లాగించేస్తే రిటైరవుతా. నువ్వు గోల చెయ్యకు."

"డిపోలో కళ్ళు పరీక్ష చెయ్యరా?"

"ఆ బోర్డు మీద అక్షరాలు కూడా నోటికి వచ్చు," అన్నాడు. గొప్పగా చెప్పలేదు, అలాగని సిగ్గుపడుతూనూ చెప్పలేదు.

ఎంత చెప్పినా వినలేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే, పోతే స్టీరింగు లాగేసుకుంటారన్నాడు. అదే నిజం. జీతం గురించి కాదు ఆయన భయం. ఆ సీట్లో కూచుంటే తను ఫలానా. దిగితే ఎవరు? "కావాలంటే పోయి డిపోలో చెప్పుకో. నీ చేత్తో నా పని తీసెయ్," అని మంచమెక్కి అటు తిరిగి పడుకున్నాడు. ఆ ఒక్క మాటే ఆమె కాళ్ళకి సంకెళ్ళు వేసింది.

మర్నాడు పొద్దున ఆమె షాపు తెరవలేదు. ఆయన బస్సు ఎక్కి, డ్రైవరు వెనక మొదటి సీట్లో కూచుంది. ఆయన అద్దంలోకి ఒకసారి చూసి, చూసి ఏం లాభం, "ఎవరమ్మా, టికెట్టు తీసుకో," అన్నాడు.

"నేనేనండీ."

ఆయన మెడ బిగుసుకుంది. బస్సు కదిలింది. ఆమె నోరు కూడా కదిలింది. "ఎడమవైపు ఆటో చొరబడుతోంది. ముందున్న కారు ఆగింది. స్టాపులో మనుషులు రోడ్డు మీదకి వచ్చేశారు, మెల్లగా." ఒక స్టాపు కాదు రెండు స్టాపులు కాదు, ఆ కొసకి పోయి ఈ కొసకి వచ్చేదాకా, మళ్ళీ పోయేదాకా. గొంతు బొంగురుపోయింది. పక్క సీటులో ఎవరో "ఏమ్మా, డ్రైవరుగారికి బండి నేర్పుతున్నావా?" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. ఇంకొకావిడ "పాపం, కాస్త తేడాలా ఉంది, ఊరుకోండి," అని కండక్టరుకి సైగ చేసింది. ఆమె అవన్నీ దులిపేసుకుంది. నవ్వుకోండమ్మా నవ్వుకోండి, అనుకుంది, మీరు దేంట్లో కూచున్నారో మీకేం తెలుసు!

వారమంతా అలాగే తిరిగింది. శుక్రవారం ఒక కూడలి దగ్గర దగ్గు తెర వచ్చి ఒక్క క్షణం మాట ఆగింది. ఆ ఒక్క క్షణంలోనే, చేతికర్రతో ఒక ముసలాయన రోడ్డు దాటుతూ బస్సు ముందుకి వచ్చాడు, సరిగ్గా నడిమధ్యలోకి. దగ్గులోంచే కేక పెట్టింది. బ్రేకులు కీచుమన్నాయి, నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ముసలాయన బస్సు ముక్కుకి జానెడు దూరంలో నిలబడి, కర్ర ఎత్తి తిట్టి, తన దారిన తను పోయాడు.

"ఎవడైనా అడ్డం వచ్చాడా?" అన్నాడాయన మెల్లగా.

ఆమె అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసింది.

శనివారం ఆఖరి ట్రిప్పు అయ్యాక మందులషాపుకి వెళ్ళి, మందులు కొనేవాళ్ళంతా పోయేదాకా నిలబడి, మొత్తం చెప్పేసింది. మందులషాపాయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు, తర్వాత కౌంటరు పట్టుకున్నాడు. "మా అమ్మ రోజూ ఆ బస్సే ఎక్కుతుంది వదినా," అన్నాడు.

ఆమె అడిగింది ఒక్కటే. విమానంలో సిగ్నలు అందుకునే రిసీవరు ఏ రిమోటుకి జతపడితే ఆ రిమోటు మాటే వింటుంది. ఇంట్లో మిగిలిన ఇంకో విమానాన్ని తన మొగుడి రిమోటు నుంచి విడగొట్టి, మందులషాపాయన రిమోటుకి జతచెయ్యాలి. రేపు మైదానంలో ఎగరేసేది మందులషాపాయన, ఎగరేస్తున్నాననుకునేది ఆమె మొగుడు.

"అన్నయ్యని నలుగురిలో అంత మోసం చెయ్యమంటావా?"

"చెబితే వినే మనిషైతే నీ దాకా ఎందుకొస్తానయ్యా? ఎల్లుండి మీ అమ్మని ఆ బస్సెక్కిస్తావా?"

ఆ రాత్రే మందులషాపాయన ఆ విమానాన్ని తన రిమోటుకి జతచేసేశాడు.

ఆదివారం పొద్దున మైదానానికి వెళ్ళారు. స్కూటరు వద్దని ఆమె ఆటో పిలిచింది. ఆయన రిమోటు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఎగరేసే ముందు తోక, రెక్క పలకలు సరిగా కదులుతున్నాయో లేదో చూసుకోవడం అందరూ చేసే పనే. ఆయన రిమోటు ఆన్ చేశాడు, అది కూతపెట్టింది. స్టిక్కు ఎడమకి నొక్కి "ఎడమ?" అన్నాడు. విమానం రెక్క పలక కదల్లేదు. "సరిగ్గా ఉంది," అంది ఆమె. "కుడి?" "సరిగ్గా ఉంది." "తోక?" "ఆఁ." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనతో ఇంత నిబ్బరంగా అబద్ధమాడటం అదే మొదలు.

మందులషాపాయన కాస్త వెనగ్గా నిలబడి విమానం లేపాడు. మోటారు చప్పుడు ఆకాశంలోకి పోయింది. ఆమె మొదలెట్టింది. "లేచింది. ఎడమ రెక్క దిగుతోంది." ఆయన సరిచేశాడు. "ఆఁ, లేచింది. ట్యాంకు వైపు పోతోంది, తిప్పండి." ఆయన తిప్పాడు, వెనకాయన కూడా తిప్పాడు. ఆయన మొహంలోకి వారం నుంచీ లేని వెలుగు వచ్చింది. భుజాలు సడలాయి. కళ్ళు ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి, విమానానికీ వాటికీ సంబంధమే లేదు.

"చూశావా? గాలి ఎంత బాగా పట్టిందో. చేతికి తెలుస్తోంది," అన్నాడు.

"ఉండు, లూపు కొడతా."

లూపు అంటే ముక్కు పైకెత్తి, తలకిందులై, గుండ్రంగా తిరిగి రావడం. ఆమె వెనక్కి తిరిగి చూసింది. మందులషాపాయన అడ్డంగా తలూపాడు. ఆయనకి లూపు కొట్టడం ఏనాడూ చేతకాలేదు. ఈలోగా ఈయన మోటారు స్టిక్కు పైకి తోసి, రెండోది మెల్లగా వెనక్కి లాగేశాడు, పాలు పొంగకుండా మంట తగ్గించినంత జాగ్రత్తగా. విమానం మాత్రం తిన్నగా, అమాయకంగా, ఎవరి మాటా వినకుండా పోతూనే ఉంది.

"ఎలా వచ్చింది?" అన్నాడు.

"బాగా వచ్చిందండీ," అంది. "గుండ్రంగా వచ్చింది."

ఆయన చిన్నపిల్లాడిలా పకపకా నవ్వాడు. "ఇంకోటి కొడతా చూడు!" ఇంకోటి కొట్టాడు. అది కూడా బాగా వచ్చిందని చెప్పింది. మైదానంలో మిగతావాళ్ళు ఒక్కొక్కరే మాటలాపి, ఆకాశంలో తిన్నగా పోతున్న విమానాన్నీ ఈ మొగుడూపెళ్ళాల్నీ మార్చి మార్చి చూస్తూ కొయ్యబారిపోయారు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

దిగడం కూడా చక్కగా దిగింది. చక్రాలు గడ్డి మీద దొర్లిన చప్పుడు విని ఆయన రిమోటు ఆపేశాడు. "ఇప్పుడేమంటావ్? నడపలేనా నేను? చెప్పు, నలుగురిలో చెప్పు!"

ఆమె ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన చెయ్యి పట్టుకుంది. "మీరు లూపు కొట్టలేదండీ. విమానం తిన్నగా పోయింది. అసలు ఆ విమానం మీ రిమోటు మాట వినట్లేదు. తమ్ముడు నడిపాడు. నేనే నడిపించాను."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"నిజం అన్నయ్యా," అన్నాడు వెనకనుంచి మందులషాపాయన. ఏడుస్తున్నాడు. "నాకు లూపు రాదని నీకు తెలుసు కదా."

ఆయన చేత్తో తడుముకుని రిమోటు మళ్ళీ ఆన్ చేశాడు. అది ఎప్పటిలాగే కూతపెట్టింది. ఆయన నడిచివెళ్ళి, గడ్డిలో మోకాళ్ళ మీద కూచుని, ఒక చెయ్యి విమానం రెక్క పలక మీద వేశాడు. రెండో చేత్తో స్టిక్కు నొక్కాడు. ఎడమకి. కుడికి. మళ్ళీ ఎడమకి. వేళ్ళ కింద పలక చలనం లేకుండా ఉంది.

"చేతికి తెలిసిందే," అన్నాడు చివరికి. "గాలి తెలిసింది. లూపు తెలిసింది. తిరగడం తెలిసింది. అంతా నా చేతికి తెలిసిందే!"

ఆమె పక్కన కూలబడింది.

ఆయన తలెత్తి ఆమె వైపు తిరిగాడు. చూపు ఆమె మొహం మీద నిలవక పక్కకి జారిపోయింది. "బస్సు కూడా ఇలాగే చేతికి తెలుస్తుందే నాకు. బడి స్టాపులో ఒకావిడ రోజూ ముందు పిల్లని మెట్టు మీద నిలబెట్టి, తర్వాత తను ఎక్కుతుంది. ఆ పిల్ల రోజూ నాకు టాటా చెబుతుంది. నేనూ చెబుతా. ఎక్కేసిందని నా చేతికి తెలుస్తుంది, బండి కదిలిస్తా." ఆయన పలక మీంచి చెయ్యి తీశాడు. "ఇన్నాళ్ళూ ఆ బస్సు ఎవరు నడిపారే?"

ఆయన జేబులో చెయ్యి పెట్టి డ్రైవరు నంబరున్న డిపో బిళ్ళ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"డిపోకి పోదాం పద," అన్నాడు. "ఇప్పుడే పోదాం. రేపటిదాకా ఉంటే నేను మళ్ళీ ఎక్కేస్తా."